‘ఎవరితో’ అనే గడి

మొదటి రోజు

ఈ ఉదయం ఎనిమిదింటి పడవలో వకుళ మేముండే తెప్ప వదిలి గొంతు తెప్పకి వెళ్లిపోయింది. ఆమె నా చిన్న తోడికోడలు. పదహారేళ్లు ఒకే వంటింట్లో ఉన్నాం. ఇంట్లోవాళ్ల కోపతాపాలు నేను రాసే నడత పుస్తకంలో ఆమె భాగం నిన్నటితో మూసేశాను కనుక ఆమె ఇవాళ్టి సంగతులు రాయడానికి నియమం ప్రకారం చోటు లేదు. ఆ భాగం చివర పదకొండు కాగితాలు ఖాళీగా మిగిలాయి. వాటిని విప్పి తీసుకుని రాస్తున్నాను. ఏమీ రాయకుండా రోజు ముగించడం నాకు చేతకాదు.

వెళ్లేముందు జరిగినవి వరుసగా రాస్తాను.

నేను నీటిగుడ్డ ఉతుకుతున్నాను. సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పంతా గుడ్డ పైన నిలిచిపోయి తాగేనీళ్లు కింది బానలోకి దిగుతాయి. రోజుకి రెండుసార్లు ఉతక్కపోతే గుడ్డ బిగుసుకుపోతుంది. వకుళ మూట కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“అక్కా, అట్లా మెలిపెట్టి పిండితే పోగులు తెగుతాయని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“పదహారేళ్లుగా ఇట్లాగే పిండుతున్నా. తెగలేదు.”

“తెగకపోవడం గుడ్డ గొప్పతనం. నీది కాదు.”

తర్వాత గరిటెల దగ్గరికి వచ్చింది. మా గోడకి ఆరు గరిటెలు వేలాడతాయి. వాటి గుంట గోడవైపు ఉండాలని నేనంటాను, లేకపోతే దుమ్ము పడుతుంది. బయటివైపు ఉండాలని ఆమె అంటుంది, లేకపోతే ఉప్పుచెమ్మ లోపల నిలిచి తుప్పు పడుతుందట. రోజూ పొద్దున నేను లోపలికి తిప్పుతాను, మధ్యాహ్నానికి ఆమె బయటికి తిప్పుతుంది.

“సముద్రం మధ్యలో దుమ్మెక్కడిదక్కా? మీ పుట్టింటివాళ్లు సారెలో పెట్టి పంపారా?” అంటూ ఆరింటినీ ఒక్కొక్కటిగా బయటికి తిప్పి, మూట చంకన పెట్టుకుని రేవుకి నడిచింది.

ఆమె చేతిలో పాయల కార్యాలయం ఇచ్చిన చీటీ ఉంది. ‘పదకొండో కోవ, ఉద్వేగ పాయ’ అని.

నాదీ పదకొండో కోవే. పన్నెండో ఏట ఎవరి స్వభావం ఏ కోవదో తేల్చేస్తారు, అది మారదు. ఇద్దరు కొడుకులకీ ఒకే కోవ పిల్లలైతే ఇంట్లో పేచీలుండవని మా అత్తగారు మమ్మల్ని ఏరికోరి తెచ్చుకున్నారు. ఆ విషయంలో ఆవిడ లెక్క తప్పింది. ఆ కోవలో ఏ పాయో మాత్రం మారవచ్చునంటారు. జీవితభాగస్వామి పోతే ఒక ఏడాది పుస్తకం చూసి పాయని మళ్లీ నిర్ణయిస్తారు. మా మరిది మురహరి నిరుడు లంగరు తాడు తెగి పోయాడు. అప్పటిదాకా వకుళది కూడా నాలాగే బంధ పాయ, తనవాళ్లని అంటిపెట్టుకుని ఇంట్లో ఉండేవాళ్ల పాయ.

పడవ వెళ్లాక వచ్చి గరిటెలు లోపలికి తిప్పాను. సాయంత్రం చూసినా అలాగే ఉన్నాయి.

నాలుగో రోజు

గుడ్డ రెండుసార్లు ఉతికాను. నాచు ఎండబెట్టాను. చుక్కకూర పప్పు.

మావారు శేషగిరి లంగరు తాళ్లు చూసే పనిలో ఉన్నారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి సగంలో చెయ్యి ఆపారు.

“ఏంటి, ఉప్పు ఎక్కువైందా?” అన్నాను.

“కాదు. నేను నమిలే చప్పుడు నాకే వినపడుతోంది. పెళ్లయ్యాక ఇదే మొదలు.”

పక్క తెప్ప సరోజం గుగ్గిలం అడగడానికి వచ్చి, “పోన్లే ఇందుమతీ, ఆ నోరు ఇన్నాళ్లకి ఊరికి పనికొస్తుంది” అంది. తప్పుగా అనలేదు. గొంతు తెప్ప మర్యాదగల చోటు. తుపాను వస్తే ఇరవై తెప్పల జనం వాళ్ల కేక మీదే లేస్తారు, వాళ్ల పదం మీదే తాళ్లు లాగుతారు. తమలో పొంగింది ఎవరి కోసమని చూడకుండా అందరిలోకీ పోయగలవాళ్లు ఉద్వేగ పాయవాళ్లు. అక్కడ సంసారాలుండవు, విడివిడి వంటిళ్లుండవు. ఒకే పెద్ద పొయ్యి.

నాలుగు రోజులుగా గరిటెలు నేను పెట్టినట్టే ఉన్నాయి. హాయిగా ఉంది. నిజం కనుక రాయాలి.

తొమ్మిదో రోజు

మూసిన భాగానికి సారాంశం పంపమని కార్యాలయం అడిగింది. పొద్దున పని ముగించుకుని కూర్చున్నాను.

నడత పుస్తకంలో ప్రతి వరుసకీ అయిదు గడులు: తేదీ, ఎవరు, ఏం జరిగింది, ఎంతసేపు, ఎవరితో. చివరి గడిలో పేరుంటే ఆ వరుస బంధం కింద లెక్క. ఖాళీగా ఉంటే, అది ఏ ఒక్కరినీ ఉద్దేశించి కాదు, అందరి ముందూ పొంగింది అని ఉద్వేగం కింద లెక్క. ఖాళీగా వదలకుండా అడ్డగీత గీయడం నా అలవాటు. ఎవరూ తర్వాత పేరు దూర్చకుండా.

వకుళ పేరు మీద ఏడాదికి రెండు వందల పన్నెండు వరుసలు. అందులో అడ్డగీత ఉన్నవి నూట అరవై మూడు.

సారాంశానికి వాటిని కోపం, ఏడుపు, నవ్వు అని విడదీయాలి. విడదీస్తూ ఒక్కొక్కటీ చదివాను.

‘వైశాఖం 4. వకుళ. కోపం, గట్టిగా. పావుగంట. ఎవరితో: —’ అది గరిటెల గురించి.

‘జ్యేష్ఠం 19. వకుళ. వెక్కిరింత, నవ్వు. అయిదు నిమిషాలు. ఎవరితో: —’ అది నేను పాడుకుంటుంటే.

ఇలా నలభై దాకా చదివాక అనుమానం వచ్చి మిగతావి వేగంగా చూశాను. మావారితో వకుళ ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. సరోజంతో లేదు. నీళ్ల తగాదాలో రేవంతా అరుచుకున్న రోజున కూడా ఆమె ఒక మూల నిలబడి నాతో, “నీ బిందె ముందుకి జరుపు, చూస్తూ నిలబడ్డావేం” అంది. దాన్ని కూడా అడ్డగీతతో రాశాను.

నూట అరవై మూడూ నాతోనే.

మా అత్తగారు నాకు పుస్తకం అప్పగించిన రోజున ఒకటే చెప్పారు: “రాసేది నువ్వు. అందులో నువ్వు దూరకు.” ఈ తెప్ప మీద పుస్తకం రాసే ఆడవాళ్లందరూ అలాగే చేస్తారు. రాసేవాళ్ల పేరు పుస్తకంలో కనపడితే, ఇంటి గొడవలో తనూ ఉంది, ఇక ఆ రాతనేం నమ్ముతాం అంటారు. కార్యాలయం నియమాల్లో అలా లేదు. పేరు రాయాలనే ఉంది. నియమం నాకు తెలుసు.

మురహరి పోయిన పదకొండో రోజు వరుస కూడా కనపడింది. ‘ఏడుపు, కోపం. గంట. ఎవరితో: —’

ఆ రోజు నేను పప్పు మాడ్చాను. అప్పటిదాకా పది రోజులూ వకుళ కంట చుక్క నీరు లేదు. మాడు వాసన తగలగానే వంటింట్లోకి వచ్చి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మనిషి పోయిన ఇంట్లో పప్పు కూడా సరిగ్గా ఉడకదా అంది, నీకు పొయ్యి ఎవరిచ్చారంది, గిన్నె తోమడానికి నీ తాతలు వస్తారా అంది. తిడుతూనే ఏడ్చింది. గంటసేపు. ఆ గంటా నా పమిటచెంగు ఆమె పిడికిట్లోనే ఉంది. నలిగిన ముడతలు ఇస్త్రీ చేసినా రెండు రోజులు పోలేదు.

అది నాకు గుర్తుంది. గుర్తుండి అడ్డగీత గీశాను.

సారాంశం ఇవాళ పంపలేదు.

పదమూడో రోజు

గొంతు తెప్పకి వెళ్లొచ్చాను. ఇంటివాళ్లని ఒక్కసారి చూడనిస్తారు. ఎండుచేప పొడి, రెండు జాకెట్లు తీసుకెళ్లాను.

వకుళ మెడకి తడిగుడ్డ చుట్టుకుని ఉంది. గొంతు బొంగురుపోయింది.

“జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టావు.”

“నీ చేతులే లావెక్కాయి.”

“ఇక్కడ గంజి తాగితే లావెక్కుతారా ఎవరన్నా! అక్కా, ఆ గంజి నువ్వు చూస్తే నీ వంట నీకే నచ్చుతుంది.”

ఇద్దరం నవ్వాం. కేక నేర్పే ఆవిడ అటుగా వచ్చి, వకుళ గొంతులో లోటేమీ లేదు గాని కేక జనానికి అంటుకోవడం లేదు, నాలుగు అడుగులు దాటేసరికి పడిపోతోంది అని చెప్పి వెళ్లింది.

“అందరి కోసం అరవమంటారక్కా,” అంది వకుళ ఆవిడ వెళ్లాక. “అందరూ అంటే నాకు ఏ మొహమూ కనపడట్లేదు. ఎవరో ఒకరిని తలుచుకుని అరుద్దామంటే అది తప్పంట.”

“ఎవర్ని తలుచుకున్నావు?”

“ఎవర్నైతే నీకెందుకు?” అని మెడ మీది తడిగుడ్డ సర్దుకుని, “ఇంతకీ పుస్తకంలో ఏం రాశావు నా గురించి? అందరూ నన్ను పుట్టు ఉద్వేగం అంటున్నారు. పదహారేళ్లలో ఆ సంగతి నాకే తెలీలేదు” అంది.

అప్పుడు చెప్పి ఉండవలసింది. ఎదురుగా ఉంది, అడిగింది, చుట్టుపక్కల ఎవరూ లేరు.

“జరిగింది రాశాను,” అన్నాను.

“సరేలే. మూడు వారాలు నిండితే కార్యాలయంలో ఉన్న నీ పుస్తకం నకలు అందరి ముందూ చదివి వినిపిస్తారంట. నువ్వెందుకిక్కడ ఉన్నావో నీకు తెలియాలి అని. అప్పుడు వింటాను. ఒక్క ముక్క అబద్ధం రాసి ఉంటే చూడు, పడవెక్కి వచ్చి మరీ నీ గరిటెలన్నీ సముద్రంలో పారేస్తా.”

తిరుగు పడవలో లెక్క చూసుకున్నాను. ఇంకా ఎనిమిది రోజులుంది.

పందొమ్మిదో రోజు

మావారికి చెప్పాను. ఆయన వేళ్లకి పట్టిన తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ విన్నారు.

“సవరణ పెట్టుకోవచ్చు కదా?”

“నలభై రోజుల్లోపు పెట్టుకోవచ్చు.”

“మరి పెట్టు.”

“పెడితే పుస్తకం నా దగ్గర్నుంచి తీసేసుకుంటారు. తప్పు రాత రాసినదాన్నని పేరుంటుంది. నా పాయ కూడా మళ్లీ చూస్తారు.”

“ఇందూ, ఆ పుస్తకం నీకు అంత ముఖ్యమా?”

ముఖ్యం కాదనుకోవడం ఆయనకి తేలిక. నా పుస్తకం అయిదేళ్లుగా ఈ తెప్పకి మాదిరి పుస్తకం. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఇరవై నాలుగో రోజున తెప్పల సభలో దాన్ని బల్ల మీద పెడతారు. నాకు పిల్లల్లేరు, ఇంకో విద్య రాదు. ఇంటిని చక్కగా రాస్తానని మాత్రం నలుగురూ అంటారు.

“వాళ్లు చదివి వినిపించేలోపు పెట్టు,” అన్నారాయన. “ఇంకా రెండు రోజులుంది. నేను తీసుకెళ్లి ఇస్తాను.”

“సభ అవనివ్వండి,” అన్నాను.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా రాయాలి. అడ్డగీతలు అత్తగారి మాట వల్లే అని తొమ్మిదో రోజున రాశాను. అది మొత్తం నిజం కాదు. నిరుడు శ్రావణం తర్వాత, పాయ మారితే వకుళని పంపేస్తారని తెలిశాక, గీత గీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. పేరు రాయాలని తోచేది. గరిటెల వైపు చూసేదాన్ని. ఒక్క వంటిల్లయినా నా ఇష్టప్రకారం ఉంటే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. తర్వాత గీసేదాన్ని. స్కేలు పెట్టి.

ఇరవై ఒకటో రోజు

గుడ్డ ఒక్కసారే ఉతికాను. ఇవాళ చదివి వినిపించి ఉంటారు.

ఇరవై నాలుగో రోజు

సభ అయింది. పుస్తకాన్ని తెరిచి గాజుపలక కింద పెట్టారు. ఏ పేజీ తెరవాలో నన్ను అడగలేదు. చూసేసరికి అది వకుళ పేజీ. వరుసగా పద్నాలుగు అడ్డగీతలు.

కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి వంగి చూసి, “ఎంత తిన్నగా గీశారండీ! ఒక్కటి కూడా అటూ ఇటూ పోలేదు. ఎలా వస్తుందండీ ఇది?” అని అడిగింది.

నేను గాజుపలక మీద చేతులు పెట్టి ఆ గీతలు కప్పాను. మొహమాటం అనుకుంది కాబోలు, “మా అత్తగారికి చెప్తాను, మీతో మాట్లాడానని” అని నా చేతులు పట్టుకుంది.

ఇరవై ఏడో రోజు

సవరణ పెట్టాను. మావారితో పంపలేదు, నేనే వెళ్లి ఇచ్చాను. నూట అరవై మూడు వరుసలూ వేరే కాగితాల మీద తిరగరాసి, చివరి గడిలో నా పేరు రాశాను. ఇందుమతి, ఇందుమతి, ఇందుమతి. మూడు రోజులు పట్టింది. చెయ్యి నొప్పి పుట్టింది గాని రాయడం కష్టమనిపించలేదు. పప్పు మాడిన రోజు వరుసలో ‘పమిట పట్టుకుని’ అని అదనంగా రాశాను. ఆ గడిలో అంత చోటు లేదు, అంచు దాటింది.

కార్యాలయంలో పరిశీలకురాలు అలివేణి తీసుకున్నారు. చిన్న వయసే, మాట మెత్తన. అన్నీ చదివి అన్నారు:

“మీ మాట ఒక్కటే చాలదండీ ఇందుమతి గారూ. ముందొకలా రాసి, ఇప్పుడొకలా రాశారు కదా. ఆవిడని మీ ఇంటికి తీసుకొస్తాను. ఒక పూట భోజనం. నేను ఓ పక్కన కూర్చుంటాను. ఆవిడ మీతో, మీతోనే, ఒక్క మాట కోపంగానో చనువుగానో అంటే చాలు. చివరి గడి నిండుతుంది. ఆవిడ ఇంటికొచ్చేస్తారు.”

“ఒక్క మాట చాలా?”

“ఒక్కటే చాలు.”

“అయితే వచ్చేసినట్టే,” అన్నాను. నవ్వాను కూడా. వకుళ నాతో ఒక పూట తగాదా పడకుండా ఉండడమా!

“ఈ పరిశీలన ఒక్కసారే ఉంటుందండీ,” అన్నారు అలివేణి.

ముప్పై తొమ్మిదో రోజు

ఇది వివరంగా రాస్తాను.

పొద్దున్నే లేచి చేయవలసినవన్నీ చేశాను. నీటిగుడ్డని మెలిపెట్టి పిండి గుమ్మంలోనే కనపడేలా ఆరేశాను. గరిటెలు ఆరూ లోపలికి తిప్పాను. పప్పు అడుగంటనిచ్చాను. చేపల పులుసులో ఉప్పు ఒకటికి రెండు వేసి, రుచి చూసి, ఇంకో చిటికెడు వేశాను. ఇంతకంటే బాగా పిలవడం నాకు తెలియదు.

పదకొండింటికి వచ్చారు. వకుళ చిక్కింది. గొంతు తెప్పవాళ్ల నీలం చీర కట్టుకుంది. గుమ్మం దగ్గర ఆరేసిన గుడ్డ మొహానికి తగిలితే చేత్తో పక్కకి జరిపి లోపలికి వచ్చింది. చుట్టాలు వస్తే కూర్చునే చాప మీద కూర్చుంది.

“నేను లేననుకోండి,” అని అలివేణి గోడకి ఆనుకుని కాగితం తీశారు.

వడ్డించాను. మావారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని దగ్గారు. నీళ్లు తాగారు. వకుళ తింటోంది.

“వకుళా,” అన్నారు మావారు, “నేను మింగలేకపోతున్నానమ్మా. నువ్వెలా తింటున్నావు?”

“బాగుంది బావగారూ.”

“పప్పు మాడింది,” అన్నాను.

“పర్లేదక్కా. బాగుంది.”

ఇంకో ముద్ద కలుపుకుంది. విస్తట్లో ఏమీ వదలకుండా నెమ్మదిగా తింటోంది. అలివేణి కలం కాగితానికి ఒక వేలెడు పైన ఆగి ఉంది. నేను పులుసు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. గిన్నె కింద పెట్టేశాను.

“బాగుందేంటే?” అన్నాను. “ఉప్పుకల్లులా ఉంది, బాగుందంటావేం? నోరు పడిపోయిందా నీకు? ఆ గుడ్డ చూడలేదా, మొహానికి తగిలింది కదా! గరిటెలు చూడలేదా? పదహారేళ్లు నా ప్రాణం తీసి ఇవాళ చుట్టపుచూపుగా చాప మీద కూర్చుంటావా? తిట్టవే! నువ్వు నాతోనే పోట్లాడావని రాయలేదే నేను. ఒక్కసారి కూడా రాయలేదు. తిట్టు నన్ను!”

నేను చాలాసేపు అరిచాననుకుంటాను. ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు, కూర్చునే ఏడ్చాను. వకుళ చెయ్యి కడుక్కుని వచ్చి నాకు నీళ్లిచ్చింది.

“తెలుసక్కా,” అంది. “చదివి వినిపించారు. నూట అరవై మూడుసార్లు నేను ఎవరితోనూ మాట్లాడలేదంట. ఆయన పోయాక ఏడ్చింది కూడా ఎవరితోనూ కాదంట. మొదట నమ్మలేదు. రెండు గంటలు చదివారు కదా, వినగా వినగా నాకూ అంతేననిపించింది. నేను అటు చూసి మాట్లాడినప్పుడు అక్కడెవరూ లేరేమో అని.”

అలివేణి ముందుకి వంగారు. ఆవిడ మంచిది. ఆ కలం కదలడానికి ఒక సందు కోసం చూస్తోందని నాకు తెలిసింది.

“వకుళ గారూ, ఇప్పుడన్నది ఈవిడతోనే అన్నారా? ఈవిడ మీద కోపంతో?”

వకుళ నా మొహంలోకి చూసింది. కోపం కోసం వెతికాను. చిరాకు ఉన్నా చాలనుకున్నాను.

“లేదండీ,” అంది. “విన్నది గుర్తొచ్చి ఊరికే చెప్పాను.”

అలివేణి రాసి, నియమం ప్రకారం చదివి వినిపించారు. “ఇందుమతి. కోపం, ఏడుపు. పావుగంట. ఎవరితో: వకుళతో. వకుళ. మాట, నెమ్మదిగా. రెండు నిమిషాలు. ఎవరితో:” అని ఆగారు. తర్వాత, “ఖాళీ” అన్నారు.

నా బంధ పాయ స్థిరమని తేలింది. నడత పుస్తకం, స్కేలు ఆవిడకి అప్పగించాను. ఇకనుంచి మా ఇంటి పుస్తకం సరోజం రాస్తుంది.

వకుళ, “విస్తరి తీసి, గిన్నెలు లోపల పెట్టి వస్తాను” అని వంటింట్లోకి వెళ్లింది. మావారు అలివేణితో పడవ వేళ గురించి మాట్లాడుతున్నారు. నేను మొహం కడుక్కుంటున్నాను. కాసేపటికి వచ్చి, “వెళ్లొస్తానక్కా” అంది. రేవు దాకా వెళ్లాను. పడవ దూరమయ్యాక అవతల గొంతు తెప్ప మీద మధ్యాహ్నపు కేక వినపడింది. అందులో ఆమె గొంతు లేదు, ఆమె ఇంకా నీళ్ల మీదే ఉంది.

ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళ్లాను.

గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నీటిగుడ్డని ముడతలు లేకుండా పరిచి మళ్లీ ఆరేసింది. గోడ మీద గరిటెలు ఆరూ బయటికి తిరిగి ఉన్నాయి.

పడవ వెనక్కి రాదు. పరిశీలన ఒక్కసారే. ఇది అలివేణి చూడలేదు, చూసినా ఇందులో మాట లేదు.

లోపలికి తిప్పుదామని అలవాటుగా చెయ్యి పెట్టాను. తిప్పితే రేపు మధ్యాహ్నం వాటిని మళ్లీ బయటికి తిప్పడానికి ఎవరూ రారు. చెయ్యి తీసేశాను.

పదకొండు కాగితాల్లో ఇదే చివరిది, అడుగున ఒక్క వరుసకి చోటుంది. స్కేలు లేదు, గడులు చేత్తోనే గీస్తున్నాను. వంకరగా వచ్చాయి.

ముప్పై తొమ్మిదో రోజు. వకుళ. గరిటెలు ఆరు, బయటికి. ఎంతసేపో తెలియదు. ఎవరితో: ఇందుమతితో.